తవుడమ్మా, తోడేలమ్మా?

మా అత్తయ్య విజిట్ వీసా మీద కువైట్ వచ్చేసరికి నాకు ఎనిమిదో నెల. ఎయిర్‌పోర్టులో మా ఆయన బయట నిలబడి గంటకు పైగా ఎదురుచూశాడు. ఆవిడతోపాటు విమానం దిగినవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం రాలేదు. ఏమైందా అంటే, లోపల కస్టమ్స్ వాళ్ళు ఆవిడ పెట్టె తెరిచి, అందులోంచి ఒక గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టుకుని చుట్టూ చేరారట. మూట నిండా గోధుమరంగు పొడి. ఒకరు అరబ్బీలో అడిగారు, ఒకరు ఇంగ్లీషులో అడిగారు. ఈవిడ ఇద్దరికీ తెలుగులోనే ఓపిగ్గా జవాబు చెప్పింది.

ఆఖరికి అక్కడ సామాన్ల బళ్ళు తోసే కడపాయన ఒకాయన్ని పిలిచారు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు ఆయన.

"తవుడు నాయనా. మా మిల్లులో ఆడించిందే. మంచి తవుడు."

"తవుడా! గేదెను గూడా తెస్తివా ఏంది?"

ఆయన వాళ్ళకి ఉర్దూలో ఏదో సర్దిచెప్పాడు. ఆఫీసరు మూట వాసన చూసి, పక్కవాడి చేత కూడా వాసన చూపించి, "ఖలాస్, యల్లా" అని పంపేశాడు. ఈ కథంతా అత్తయ్య ఫహాహీల్‌లో మా ఫ్లాటుకి వచ్చేదాకా కారులో చెప్తూనే ఉందట. నాకు మాత్రం ఇంటికొచ్చాక ఆ మూట చూడగానే నవ్వు రాలేదు. అదెందుకు తెచ్చిందో నాకు తెలుసు.

మా కోనసీమలో పాతకాలపు పద్ధతి ఒకటుంది. ఒక బిడ్డ పుట్టి పోయాక మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డని చేటలో పెట్టి తీసుకెళ్ళి చెత్తకుప్ప పక్కన ఉంచుతారు. ఇంకో ఇంటి ఆడమనిషి వచ్చి, ఎవరో పారేశారు, నాకు దొరికింది అని ఎత్తుకుంటుంది. అప్పుడు బిడ్డ ఇంటివాళ్ళు వెళ్ళి ఆవిడకి చేటెడు తవుడిచ్చి బిడ్డని కొనుక్కుంటారు. ఇక ఆ బిడ్డ కన్న బిడ్డ కాదు, కొన్న బిడ్డ. అదీ తవుడిచ్చి కొన్న బిడ్డ. అంత చవకబారు బిడ్డ కోసం యముడు ఇంత దూరం ఏం వస్తాడులే అని ధైర్యం. ఆ పిల్లాడికి తవిటయ్య అనో, పిల్లకి తవుడమ్మ అనో పేరు పెడతారు. అది నచ్చనివాళ్ళకి పెంటయ్య, పుల్లమ్మ ఉండనే ఉన్నాయి. మా వీధిలో ముగ్గురు తవిటయ్యలుండేవాళ్ళు. ముగ్గురూ ఎనభై దాటి బతికారని అత్తయ్య వాదన.

నాకు ముందొక పాప పుట్టి పోయింది. అప్పటికి మూడేళ్ళయింది. ఇక్కడే, కువైట్‌లోనే, ఏడో నెలలో పుట్టింది. తొమ్మిది రోజులుంది. చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద 'బేబీ ఆఫ్' అని, పక్కన నా పేరు. మాకు ఇరవై ఒకటో రోజున గానీ పేరు పెట్టరు. దానికి ఆ రోజు రాలేదు. అత్తయ్యకి అప్పుడు వీసా దొరకలేదు. ఫోన్ చేసి, "ఊరుకో అమ్మాయ్, మళ్ళీ పుడతాదిలే" అంది. "మళ్ళీ పుట్టడానికి అదేమన్నా తోటకూరా?" అని అరిచి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత మూడేళ్ళూ మా మధ్య మాటలంటే "బాగున్నారా అత్తయ్యా", "బాగున్నాను", "ఉంటాను". అంతే.

ఈసారి పుట్టే బిడ్డ నిలవాలి. ఆ కోరిక ఆవిడకీ నాకూ సమానమే. కానీ దానికి ఆవిడ దగ్గరున్న మందు చెత్త పేరు. నా బిడ్డ పాస్‌పోర్టు మీద, సివిల్ ఐడీ మీద జీవితాంతం తవుడమ్మ అని ఉండటానికి నేను చస్తే ఒప్పుకోను. పోనీ నాకు నచ్చిన పేరేదన్నా అనుకున్నానా అంటే అదీ లేదు. పేరు అనుకోవాలంటేనే భయం. పేరు పెట్టే రోజు దాకా ఉంటుందో లేదో అన్న బిడ్డకి పేరేం వెతుకుతాం?

ఆ భయం కాస్త వదిలించింది మా ఎదురు ఫ్లాటు ఆవిడ. వాళ్ళది నార్వే. ఆవిడ భర్త చమురు పని మీద ఇక్కడికి వచ్చాడు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. మొదటి రోజు లిఫ్టులో నేను అలవాటు కొద్దీ ఆంటీ అని పిలిచాను. వాళ్ళ దేశంలో బడి హెడ్మాస్టర్ని కూడా పేరు పెట్టే పిలుస్తారట. "నేను మీ అమ్మకి చెల్లెలినా?" అని అడిగింది. "ఇవాళ్టి నుంచి అంతే" అన్నాను. మొదటి పాప సంగతి ఈ బిల్డింగులో నేను చెప్పింది ఆవిడ ఒక్కదానికే. వినగానే అందరూ అయ్యో అంటారు, ఇంకా చిన్నదానివే కదా అంటారు. ఆవిడ అవేవీ అనలేదు. "ఎవరి పోలిక?" అని అడిగింది. ముక్కు మా ఆయనది అని చెప్పాను. ఆ మాట అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

అత్తయ్య వచ్చిన వారానికి ఆంటీ ఒక పాత పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. నిండా వాళ్ళ వైపు పిల్లల పేర్లు, వాటి అర్థాలు. తనతోపాటు యాలకులు వేసి చేసిన బన్ను రొట్టెలు తెచ్చింది. అత్తయ్య ఒకటి తుంచి వాసన చూసి, "ఈళ్ళకీ యాలకులు తెలుసా!" అని తెగ సంతోషించింది. పుస్తకం సంగతి చెప్పగానే మాత్రం మొహం ముడుచుకుంది.

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట వెనకటికొకడు."

"ఆలూ ఉంది, చూలూ ఉంది కదత్తయ్యా. సోమలింగమే కావాలి" అన్నాను.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆంటీ పుస్తకం చూసి ఇంగ్లీషులో అర్థం చెప్పేది, నేను అత్తయ్యకి తెలుగులో చెప్పేదాన్ని. అత్తయ్య వద్దు వద్దంటూనే ఆ వేళకి జడ వేసుకుని టీ పెట్టి కూర్చునేది.

స్టెయిన్ అంటే రాయి. "మన బండయ్య, కొండయ్య" అంది అత్తయ్య. ఓర్మ్ అంటే పాము. "మన నాగన్న, సుబ్బారాయుడు" అంది. అది ఆంటీకి చెప్తే, మీరు కూడా పిల్లలకి పాము పేరు పెడతారా అని ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. మా ఊళ్ళో రాయి విసిరితే ఒక సుబ్బారాయుడికి తగులుతుందని నేను చెప్పాను. గున్‌హిల్డ్ అని ఒక ఆడపిల్ల పేరు. మొదటి సగానికీ యుద్ధమనే అర్థం, రెండో సగానికీ యుద్ధమనే అర్థం. "ఇది కోడలికి పెట్టే పేరు" అని అత్తయ్య నా వైపు చూసింది. నేను ఆ ముక్క మాత్రం అనువాదం చెయ్యలేదు.

నాకు నచ్చినవి వేరే. డాగ్నీ అంటే కొత్త రోజు. లిన్నేయా అంటే అడవుల్లో పూసే ఒక చిన్న పువ్వు, ఒక్క కాడకి రెండు పూలు పూస్తాయట. లిన్నేయా అని నాలో నేను రెండు మూడుసార్లు అనుకుని చూశాను. మొదటిసారిగా, లోపల తన్నుతున్న మనిషిని ఒక పేరుతో పిలవాలనిపించింది. అలా అనిపించడం నాకే ఆశ్చర్యం.

అత్తయ్యకి పూలూ రోజులూ పట్టలేదు. బ్యోర్న్ అంటే ఎలుగుబంటి, ఉల్ఫ్ అంటే తోడేలు, ఇల్వా అంటే ఆడతోడేలు అని చెప్పిన రోజు మాత్రం టీ గ్లాసు కింద పెట్టేసింది.

"కన్నబిడ్డకి ఎలుగొడ్డని, తోడేలని ఎందుకు పెడతారో అడుగు."

అడిగాను. పాతకాలంలో వాళ్ళ దేశంలో చలికాలం పొడుగు, ఊళ్ళ పక్కనే అడవి, పుట్టిన పిల్లలు చాలామంది దక్కేవాళ్ళు కాదు అని చెప్పింది ఆంటీ. ఎలుగుబంటి పేరుంటే ఆ పిల్లాడి జోలికి ఏదీ రావడానికి ధైర్యం చెయ్యదని వాళ్ళ నాయనమ్మ అనేదట.

"అంటే చావు భయపడి పోవాలని ఈళ్ళు పెట్టేరు. ఛీ అనుకుని పోవాలని మనం పెట్టేం. రోగం ఒకటే, మందు వేరు" అంది అత్తయ్య. నేను ఆ మాట చెప్తే, ఆంటీ అత్తయ్య చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. నా గొంతు ఎండిపోయేది.

ఇంత బాగా సాగుతున్నదాన్ని నేనే పాడు చేశాను. ఒక పొద్దున వంటింటి గట్టు కింద తెల్ల పురుగులు కనిపించాయి. ఎక్కణ్ణుంచా అని చూస్తే తవుడు మూట. అత్తయ్య స్నానానికి వెళ్ళి ఉంది. నా కోపం మీకు తెలియదు. ముందు చెయ్యి పనిచేస్తుంది, తర్వాత బుర్ర. మూట విప్పి బాల్కనీలో పావురాలకి మొత్తం చల్లేశాను. పావురాలు క్షణంలో ఊడ్చేశాయి. అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చి ఖాళీ గుడ్డ చూసింది.

"తవుడు పావురాలకేసేసేవా?"

"పురుగు పట్టింది అత్తయ్యా."

"పురుగు పడితే జల్లించుకుంటాం. పారబోస్తామా?"

నేను కూడా ఊరుకోలేదు. పుట్టబోయే బిడ్డకి ఈ చెత్త గోలేమిటి అన్నాను, మీ చాదస్తం మీ ఊళ్ళో చూసుకోండి అన్నాను. అత్త మంచీ వేము తీపీ లేదంటారు గానీ, కోడలి నోరు మాత్రం తేనె కారుతుందా? ఆవిడ తిరిగి అరుస్తుందని చూశాను. అరవలేదు. ఆ ఖాళీ గుడ్డ మడతపెట్టుకుని మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. మా అత్తయ్య ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు మా ఆయన్ని తీసుకుని తవుడు కోసం ఫహాహీల్ అంతా తిరిగాను. షుఐబాలో ఒక ఫ్యాక్టరీలో ఆయన సేఫ్టీ ఆఫీసరు. మలయాళీ కొట్లో లేదు, బంగ్లాదేశ్ కొట్లో లేదు. కాకపోతే ఆ బంగ్లా కొట్లో ప్లాస్టిక్ చేట ఒకటి దొరికింది. చివరికి ఆంటీని అడిగితే, జమీయా సూపర్‌మార్కెట్లో ఉంటుంది, నేను రోజూ పొద్దున తినేది అదే అంది. ఓట్స్ తవుడు. రంగురంగుల డబ్బాలో, ఆరోగ్యానికి మంచిదని రాసి, తేనె సీసాల పక్కన పెట్టారు. నేను డబ్బా తెచ్చి అత్తయ్య ముందు పెట్టి తప్పయిపోయిందని చెప్పాను.

ఆవిడ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది. "మా గేదెలు తినేదాన్ని ఈళ్ళు డబ్బాలో పెట్టుకుని తింటారా? అందుకే అంతంత పొడుగుంటారు" అంది. నవ్వుకున్నాం. ఆ పూట ఒక ఒప్పందం చేసుకున్నాం. చేటలో పెట్టడం, తవుడిచ్చి కొనడం ఆవిడ ఇష్టం. కాగితాల మీద పేరు మాత్రం నా ఇష్టం. "సరే" అంది అత్తయ్య. మా అత్తయ్య సరే అంటే ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలుసు. కానీ అప్పటికి అది చాలు.

పాప నెలలు నిండి పుట్టింది. పుట్టగానే వార్డంతా అదిరేలా ఏడ్చింది. ఆ ఏడుపు నాకు సన్నాయి మేళంలా వినిపించింది. ఇంటికి వచ్చాక రోజులు లెక్కపెట్టుకోవడం తప్ప నాకు వేరే పని లేదు. తొమ్మిదో రోజంతా పిల్లని ఒళ్ళోంచి దించలేదు. పదో రోజు పొద్దున అది కళ్ళు తెరిచి ఆవులించింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తయ్య పిల్లని తీసుకుని, నా చేతిలో వేడి పాలు పెట్టింది. పుట్టిన కాగితాల్లో పేరు రాయించమని హాస్పిటల్ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. ఇరవై ఒకటో రోజు దాటాక వస్తామని మా ఆయన బతిమాలుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే పిల్లకి స్నానం చేయించి, సాంబ్రాణి వేశాం. చేట ఉంది, తవుడుంది, ఎత్తుకోవడానికి ఎదురింటి ఆంటీ ఉంది. లేనిదల్లా చెత్తకుప్ప. మా బిల్డింగులో అందరూ చెత్తని నల్ల సంచిలో కట్టి తలుపు బయట వరండాలో పెడతారు, హారిస్ వచ్చి తీసుకెళ్తాడు. హారిస్ అంటే బిల్డింగు బాగోగులు చూసుకునే మనిషి, మా హారిస్ ఈజిప్టు ఆయన. ఆ సంచి పక్కన పెడదామంది అత్తయ్య. సంచిలో రాత్రి తిన్న చేప ముళ్ళున్నాయి, ఛస్తే పెట్టనివ్వను అన్నాను నేను. మా ఆయన కొత్త సంచి తెచ్చి పాత న్యూస్‌పేపర్లు కుక్కి, శుభ్రమైన చెత్త తయారుచేశాడు. హెల్మెట్ లేకపోతే ఎవరినీ ఫ్యాక్టరీ గేటు దాటనివ్వని మనిషి, చేట ఒరగకుండా నాలుగు వైపులా తువ్వాళ్ళు సర్ది, కన్నకూతుర్ని చెత్త పక్కన పెట్టి లోపలికి వచ్చి తలుపు వేశాడు. అత్తయ్య తలుపు సందులోంచి చూస్తోంది. ఆవిడ వెనక నేను, నా వెనక ఆయన.

అనుకున్న ప్రకారం ఆంటీ తలుపు తెరవాలి. ఆవిడకంటే ముందు లిఫ్టు తెరుచుకుంది. హారిస్ వచ్చాడు. చెత్త సంచి చూశాడు, చేట చూశాడు, చేటలో పిల్లని చూశాడు. "హరామ్! హరామ్!" అని కేక పెట్టి తలమీద చేతులు పెట్టుకున్నాడు. మా ఆయన తలుపు తీసుకుని ఉరికి, "మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్! ఏం ఫర్వాలేదు, నా కూతురే!" అన్నాడు. కూతుర్ని చెత్తలో పారేసింది కన్నతండ్రే అని తెలిశాక హారిస్ కోపం ఇంకా ఎక్కువైంది. ఈ గలాటాలో ఆంటీ బయటికి వచ్చి, తనకి చెప్పినట్టే పిల్లని ఎత్తుకుని, నాకు దొరికింది, ఇది నాది అంది. హారిస్ ఆవిడకి దండం పెట్టాడు. అతనికి అసలు సంగతి చెప్పడానికి మా ఆయనకి పావుగంట పట్టింది. పూర్తిగా విన్నాక హారిస్ నవ్వి, వాళ్ళ ఊళ్ళో ముసలమ్మలు కూడా ఇలాంటివే ఏవో చేస్తారని చెప్పి, పిల్ల తల నిమిరి, చెత్త సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

అందరం ఊపిరి పీల్చుకున్నాక అత్తయ్య చేటలో తవుడు పోసుకుని ఆంటీ ముందుకెళ్ళింది. "తల్లీ, నీకు దొరికిన బిడ్డని మాకియ్యి. ఈ తవుడు పుచ్చుకో" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆంటీ పిల్లని గుండెకి ఆనించుకుని అలాగే నిలబడింది.

"ఇస్తాను. కానీ పేరు పెట్టకుండా ఎలా ఇస్తాను?" అంది.

పూర్వం వాళ్ళ దేశంలో పుట్టిన బిడ్డని నేల మీద ఉంచేవాళ్ళట. ఎవరు ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకుంటే వాళ్ళ బిడ్డ, వాళ్ళే పేరు పెట్టాలట. "నేల మీంచి నేనే ఎత్తుకున్నాను. పేరు పెట్టడం నా బాధ్యత" అంది. ఆవిడ ఆటకి అనడం లేదు.

ఆ ముక్క తెలుగులో చెప్తే అత్తయ్య చేటతో ఒకడుగు వెనక్కి వేసింది. ఇన్ని నెలలు ప్లాను వేసి, ఎత్తుకోవడానికి నమ్మకమైన మనిషిని చూసుకుందే గానీ, ఆ మనిషికీ ఒక పద్ధతి ఉంటుందని అనుకోలేదు. లాక్కోవడానికి లేదు. కొనడం నిజంగా కొన్నట్టుండాలి, లేకపోతే యముడికి నాటకమని తెలిసిపోతుందని ఆవిడే మాకు పదిసార్లు చెప్పింది. అంటే ఇప్పుడు పిల్ల ఆంటీదే. పేరు ఆవిడిష్టం. నా ఒప్పందమూ గంగలో కలిసింది, అత్తయ్య తవుడమ్మా గంగలో కలిసింది. మా ఆయన గోడ వైపు తిరిగి నవ్వుకుంటున్నాడు.

ఆంటీ మా సోఫాలో కూర్చుని నన్ను అడిగింది.

"ముందు పుట్టిన పాప పేరేమిటి?"

ఎందుకని అడిగాను. వాళ్ళ ఇళ్ళల్లో ఒక బిడ్డ పోతే తర్వాతి బిడ్డకి అదే పేరు పెట్టేవాళ్ళట. ఆవిడ పేరూ అలా వచ్చిందే. ఆవిడకంటే ముందు పుట్టి పోయిన అక్క పేరది. అర్థం ప్రాణం. "ఆమె ఆపిన చోట నేను మొదలుపెట్టానని అమ్మ అనేది" అంది.

నేను తల దించుకుని, "దానికి పేరు లేదు" అన్నాను.

"ఏవడిగింది?" అంది అత్తయ్య. దాచాలనిపించింది. కానీ చెప్పాను.

"లేదని చెప్పేవా?"

"లేదు కదత్తయ్యా."

"ఎందుకు లేదూ? ఉంది."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. అత్తయ్య చేట కింద పెట్టి, నేల మీద కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పింది.

"అది పుట్టిన రోజు నించి లెక్కెట్టుకున్నాను. ఇరవయ్యొకటో నాడు తలంటుకుని, పళ్ళెంలో బియ్యం పోసి, నా ఉంగరంతో నేనే రాసేను. పోయినోళ్ళకి చెయ్యకూడదన్నారు. అంటే అన్నార్లే. పేరు లేకుండా ఎలాగ పంపుతాను దాన్ని? దార్లో ఎవరన్నా నీ పేరేంటే అనడిగితే ఏం చెప్తాది?"

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎక్కడ చెప్పను? బాగున్నారా అంటావు, ఉంటాను అంటావు. రెంటి మధ్యా సందేదీ?"

ఆవిడ ఆ పేరు చెప్పింది. మూడక్షరాలు. తవుడూ కాదు, పుల్లా కాదు. ఏ తల్లయినా మురిసిపోయే పేరు. మూడేళ్ళుగా ఊళ్ళో ఆ ఇంట్లో రోజూ దీపం దగ్గర ఆవిడ ఒక్కతే ఆ పేరు తలుచుకుంటోంది. నేనేమో ఆవిడకి ఆ బిడ్డ లెక్కలోనే లేదనుకుని, మూడేళ్ళు పళ్ళు నూరుకున్నాను. నాకు సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా, నా బిడ్డని పిలిచినవాళ్ళు ఒకరున్నారని సంతోషం వేసింది.

ఆంటీకి ఎలాగో చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ పేరుని తన యాసలో రెండుసార్లు పలికి, "అయితే ఇంకేం, ఈ పాపకి అదే పేరు" అంది.

అది విని అత్తయ్య చివాల్న లేచింది. "పేర్లకేవన్నా కరువొచ్చిందా? ఇద్దరాడపిల్లలకీ ఒకటే పేరేంటి! దాని పేరు దానిదే. దీనికి వేరే పెట్టమను. ఆ ఆడతోడేలు పేరేదో ఉందిగా, అది పెట్టమను."

"తోడేలా అత్తయ్యా!"

"ఏం? సుబ్బారాయుడు పాము కాదేంటి?"

ఒక కాడకి రెండు పూల పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆడతోడేలు అని నేను చెప్పగానే ఆంటీ చాలా తృప్తిగా తల ఊపి, పిల్లని మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని చెవిలో ఆ పేరు చెప్పింది. అది ఎర్రగా కందిపోయి ఒక్క అరుపు అరిచింది. పేరు సరిగ్గా సరిపోయిందని మా ఆయన అన్నాడు. అప్పుడు ఆంటీ చేటెడు తవుడు పుచ్చుకుని, నా బిడ్డని నాకిచ్చింది. ఆ తవుడుతో మర్నాడు రొట్టె చేసి మాకే పంపింది.

ఇక పేరు రాయడమే మిగిలింది. అత్తయ్య పళ్ళెంలో బియ్యం పోసి అరచేత్తో సమంగా పరిచింది. తండ్రి రాయాలి కాబట్టి మా ఆయన ఉంగరం తీసి వంగాడు. అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగరా. పెద్దదానిది ముందు" అని, ఉంగరం నా చేతికిచ్చింది.

నేను పాపని ఒళ్ళో పెట్టుకుని, అత్తయ్య నా పక్కన కూర్చుని చెప్తుంటే, ఒక్కొక్క అక్షరమే, మా పెద్దమ్మాయి పేరు రాశాను.